పొగ మన చేలో దిగాక ఏమవుతుంది? నేల వదిలే నత్రజని వాయువుల గురించి కొంచెం వివరంగా

పోయిన జూన్‌లో మా మామ చేలో ఉన్నా, తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డు పక్కన, పాకాల వైపు. చెనిక్కాయలకని దున్ని పెట్టిన ఎర్ర దుబ్బ నేల, రెండు నెలలుగా చుక్క వాన లేదు, సాయంత్రం నాలుగింటప్పుడు ఉన్నట్టుండి మబ్బేసి ఇరవై నిమిషాలు వాన పడింది, ఆగింది. గెనిమ మీద నిలబడి ఉంటే ఆ మట్టి వాసన గుప్పుమని కొట్టింది. "ఈ వాసనొస్తే చాలు అల్లుడా, సంవత్సరం మొదలైనట్టే" అన్నాడు మామ. నేనేమో చదివింది బుర్రలో తిరుగుతుంటే ఊరుకోలేక, మామా ఇప్పుడు నీ నేలలోంచి ఇంకొకటి కూడా లేస్తోంది, దానికి వాసన లేదు, అందులో కొంత నువ్వేసిన యూరియాది, కొంత అదిగో ఆ రోడ్డు మీద పోయే లారీలది అన్నా. ఆయన రోడ్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "లారీ పొగ గాల్లో కలిసి యాడికో పోతాది కదరా, నా నేలలోకెట్ల వస్తాది, వచ్చినా మళ్ళా పైకెట్ల పోతాది?" అని అడిగాడు.

ఆ రోజు చీకటి పడుతోంది కాబట్టి సగం చెప్పి వదిలేశా. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ విషయం మన తెలుగులో సరిగ్గా విడమరిచి చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు, గాలి కాలుష్యం అనగానే ఊపిరితిత్తులు, దగ్గు, ఢిల్లీ అక్కడిదాకే వెళ్తాం గానీ కాళ్ళ కింద మట్టి దగ్గరికి రాము.

ముందు నత్రజని సంగతి. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే, కానీ అది రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పట్టుకుని ఉన్న వాయువు, మొక్కకి పనికిరాదు, మనకి హాని చెయ్యదు. చేను చుట్టూ టన్నులకొద్దీ నత్రజని ఉన్నా పైరు పసుపు తిరిగి చూస్తుంటుంది అంటే కారణం ఇదే. ఆ బంధాన్ని తెంపి మొక్కకి అందేలా చెయ్యాలంటే ప్రకృతిలో రెండే పెద్ద దారులు, ఒకటి మెరుపు, రెండోది సూక్ష్మజీవులు. చెనిక్కాయ చెట్టుని పూత టైంలో వేళ్ళు తెగకుండా పీకి చూడండి, వేళ్ళకి ఆవగింజల సైజులో బుడిపెలుంటాయి, గోటితో నొక్కితే లోపల ఎర్రగా గులాబీ రంగులో ఉంటే అవి పని చేస్తున్నట్టు. ఆ బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క తినేలా మారుస్తుంది.

ఇక మనిషి తెరిచిన మూడో దారి ఫ్యాక్టరీ. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ల్యాబులో గాలి నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేసి చూపించాడు, కార్ల్ బాష్ దాన్ని 1913కల్లా ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు, ఈ రోజు మనం అంగడిలో కొనే యూరియా మూట ఆ దారిలో వచ్చిందే. ఇది లేకపోతే ప్రపంచంలో సగం మందికి తిండి ఉండదు అంటారు, దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు.

నాలుగో దారి ఒకటుంది, అది మనం కావాలని తెరిచింది కాదు. ఇంజిన్ లోపల మంట విపరీతంగా వేడెక్కినప్పుడు లోపలికి పీల్చిన గాలిలోని నత్రజని, ఆక్సిజన్ రెండూ అక్కడే కలిసిపోయి నత్రజని ఆక్సైడ్లవుతాయి. చాలామంది డీజిల్‌లో ఏదో మలినం ఉండి అది పొగగా వస్తుందనుకుంటారు, నత్రజని ఆక్సైడ్ల విషయంలో ఎక్కువ భాగం అలా కాదు, అది డీజిల్‌లోంచి కాదు గాలిలోంచే పుడుతుంది, ఎంత శుభ్రమైన డీజిల్ పోసినా వేడి ఉన్నంతవరకు వస్తుంది. థర్మల్ కరెంటు ప్లాంట్లలో మాత్రం ఎక్కువ భాగం బొగ్గులో ఉన్న నత్రజని నుంచే వస్తుంది, గాలిలోది దానికి తోడవుతుంది.

దీనికి తోడు అమ్మోనియా. ఇది లారీలది కాదు, మన ఇళ్ళది. తెల్లవారుజామున తలుపులు మూసున్న ఆవుల కొట్టంలోకి పోతే కళ్ళు మండుతాయి చూడండి, అదే అమ్మోనియా. ఆవు మూత్రంలో యూరియా ఉంటుంది, పేడలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, రెండూ నేల మీద కలవగానే గంటల్లో అమ్మోనియాగా మారి లేచిపోతుంది. చేలో చల్లిన యూరియా కూడా ఇంతే, మట్టిలో యూరియేజ్ ఉంటుంది కాబట్టి పైపైన చల్లి తడి పెట్టకుండా ఎండకి వదిలేస్తే మూటలో చెప్పుకోదగ్గ భాగం గాలిలోకి పోతుంది. చిత్తూరు జిల్లా అంటేనే పాల జిల్లా, ఇంటికి రెండు జెర్సీ ఆవులన్నా ఉంటాయి, కాబట్టి ఈ లెక్కలో మనం బయటివాళ్ళం కాదు.

సరే, ఇవి గాలిలోకి పోయాయి, తర్వాత? మామ అన్నట్టు యాడికో పోవు, పోయినా తిరిగి దిగుతాయి. నత్రజని డయాక్సైడ్ గంటల్లో, రోజులో నైట్రిక్ ఆమ్లంగా మారుతుంది, అమ్మోనియా ఆ ఆమ్లంతో గానీ, గంధకం పొగ నుంచి వచ్చిన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో గానీ కలిసి సన్నటి కణాలవుతుంది, పీఎం 2.5 అని వార్తల్లో వినే దుమ్ములో ఇవి పెద్ద భాగం. అమ్మోనియా ఒట్టిగా ఉంటే పుట్టిన చోటికి దగ్గర్లోనే దిగిపోతుంది, కణంగా మారితే వందల కిలోమీటర్లు పోగలదు. వాన పడితే కడుక్కుని దిగుతాయి, వాన లేకపోతే ఆకుల మీదా మట్టి మీదా ఊరికే అంటుకుంటాయి. శుభ్రమైన చోట్ల ఇలా పైనుంచి పడే నత్రజని ఏడాదికి హెక్టారుకి కిలో అటూ ఇటూ, కాలుష్యం గట్టిగా ఉన్న ప్రాంతాల్లో 10 కిలోలు దాటిపోతుంది. ఉపగ్రహాల నుంచి చూస్తే ప్రపంచం మొత్తంలో అమ్మోనియా దట్టంగా కనపడే చోట్లలో మన గంగా మైదానం ముందు వరసలో ఉంటుంది.

పది కిలోలంటే చేనుకి పెద్ద లెక్క కాదనిపిస్తుంది, మనం ఒక మూటలోనే 20 కిలోల పైన వేస్తాం. కానీ చేలో ఎరువు మనం వేళ చూసి వేస్తాం, పైరు తాగుతుంది. పైనుంచి పడేది వేళాపాళా లేకుండా, పైరు ఉన్నా లేకపోయినా, చేలోనూ కొండలోనూ చెరువులోనూ ఏడాదంతా పడుతుంది. ఎవరూ అడగని ఎరువు అది.

ఇప్పుడు అసలు విషయం, మట్టిలోపల. మట్టిలో నత్రజని మీద బతికే సూక్ష్మజీవులు రెండు గుంపులు అనుకోండి. ఒక గుంపు అమ్మోనియంని, అంటే అమ్మోనియా మట్టి తడిలో మారే రూపాన్ని, తీసుకుని ఆక్సిజన్ సాయంతో నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది, దాన్ని నైట్రిఫికేషన్ అంటారు. రెండో గుంపు దీనికి ఎదురు పని చేస్తుంది, మట్టిలో నీళ్ళు నిండి ఆక్సిజన్ దొరకనప్పుడు నైట్రేట్‌లో ఉన్న ఆక్సిజన్‌ని వాడుకుని ఊపిరి పీలుస్తుంది. అలా నైట్రేట్ మెట్టు మెట్టుగా దిగి నైట్రైట్, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్, చివరికి మామూలు నత్రజని వాయువు అవుతుంది, ఇది డీనైట్రిఫికేషన్. చివరి మెట్టుదాకా దిగితే ఏ బాధా లేదు, గాలిలోంచి వచ్చింది గాలిలోకే క్షేమంగా పోయినట్టు. మన గొడవంతా పని మధ్యలో ఆగిపోవడం గురించి.

మేరీ ఫైర్‌స్టోన్, ఎరిక్ డేవిడ్సన్ అనే ఇద్దరు 1989లో దీన్ని పైపుకి పడ్డ చిల్లులతో పోల్చారు, ఆ పోలిక మన బోరు పైపుకి భలే అతుకుతుంది. మోటరు దగ్గర నుంచి చేను చివరిదాకా పైపు వేశారు, మధ్యలో రెండు చోట్ల చిల్లులున్నాయి, ఒక చిల్లులోంచి నైట్రిక్ ఆక్సైడ్ కారుతుంది, ఇంకో దాంట్లోంచి నైట్రస్ ఆక్సైడ్. ఎంత కారుతుందనేది రెండిటి మీద ఆధారపడుతుంది, పైపులో ఎంత నీళ్ళు పారుతున్నాయి, చిల్లు ఎంత పెద్దది. కాలుష్యం ఈ రెండిటినీ మారుస్తుంది, నేను ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నది చాలావరకు ఈ ఒక్క మాటే.

మొదటిది సులువు. పైనుంచి నత్రజని పడేకొద్దీ పైపులో పారేది పెరుగుతుంది, కాబట్టి కారేదీ పెరుగుతుంది. రెండోది, అంటే చిల్లు సైజు, అది చాలా ముడులున్న వ్యవహారం, అక్కడ కాసేపు ఆగాలి.

చిల్లుల మీద అన్నిటికన్నా గట్టి పట్టు తేమది. మట్టి రంధ్రాల్లో సగానికన్నా తక్కువ నీళ్ళుండి గాలి ఆడుతుంటే నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ వస్తుంది. రంధ్రాలు 60 నుంచి 80 శాతం నిండితే నైట్రస్ ఆక్సైడ్‌ది పైచెయ్యి. అంతకన్నా మించి పూర్తిగా మునిగిపోతే పని చివరిదాకా సాగి మామూలు నత్రజని ఎక్కువవుతుంది. అంటే స్వర్ణముఖి పక్కన నీళ్ళు నిలిచిన వరి మడి, పాకాల దగ్గర ఎండిన చెనిక్కాయ చేను, ఒకే ఆకాశం కింద ఒకే పొగ పడినా వేరు వేరు వాయువులు వదులుతాయి. వరి మడిని ఆరగట్టి మళ్ళీ నీళ్ళు పెట్టే పద్ధతిలో మీథేన్ (భూమిని వేడెక్కించే ఇంకో వాయువు) బాగా తగ్గుతుంది, మంచిదే, కానీ ఆరిన తడిసిన సందుల్లో నైట్రస్ ఆక్సైడ్ లేచే వీలుంటుంది, అందుకే అక్కడ యూరియా వేసే వేళ చూసుకోవాలి.

తర్వాత ఆమ్లం. ఇది నాకు చదివినప్పుడల్లా ఆశ్చర్యంగా ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్‌ని మామూలు నత్రజనిగా మార్చే చివరి మెట్టుకి ఒకే ఒక్క ఎంజైమ్ ఉంది, దాని గుండెల్లో రాగి ఉంటుంది, మట్టి పుల్లబడితే, అంటే పీహెచ్ తగ్గితే, ఆ ఎంజైమ్ సరిగ్గా తయారు కాదు. పై మెట్లన్నీ నడుస్తుంటాయి, చివరి మెట్టు దగ్గర చెయ్యి ఆగిపోతుంది, నైట్రస్ ఆక్సైడ్ అక్కడే మిగిలి పైకి లేస్తుంది. దానికి తోడు మట్టిలో నైట్రేట్ పుష్కలంగా ఉన్నప్పుడు ఈ బాక్టీరియా ముందు నైట్రేట్ మీదకే పోతుంది, నైట్రస్ ఆక్సైడ్ దాకా రాదు, ఇంట్లో బిర్యానీ ఉండగా సద్ది ఎవరు ముట్టుకుంటారు. పైనుంచి పడే నత్రజని రెండు పనులూ చేస్తుంది, నైట్రేట్‌ని పెంచుతుంది, మట్టిని పుల్లబరుస్తుంది.

మన దేశంలో ఆమ్ల వాన పెద్ద సమస్య కాదు కదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. నిజమే, మన గాలిలో సున్నం కలిసిన దుమ్ము ఎక్కువ, అమ్మోనియా ఎక్కువ, రెండూ కలిసి వాననీటిలో ఆమ్లాన్ని చల్లారుస్తాయి, అందుకే చాలా చోట్ల వాననీటి పీహెచ్ బాగానే చూపిస్తుంది. కానీ ఇక్కడే మోసపోతాం. సున్నం దుమ్ము చేసే మేలు నిజమైన మేలు. అమ్మోనియా చేసేది అప్పు లాంటిది, ఆకాశంలో ఆమ్లాన్ని చల్లార్చి అమ్మోనియంగా నేలలో దిగుతుంది, దిగాక మొదటి గుంపు సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఒక్కో అమ్మోనియంకి రెండేసి ఆమ్ల అయాన్లు బయటికి వస్తాయి. వాననీటిలో లేని ఆమ్లం మట్టిలో పుడుతుందన్నమాట. వాన పీహెచ్ ఒక్కటే చూసి నేల బాగుందనుకోవడం సరికాదు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

నల్లరేగడిలో సున్నం ఉంటుంది, కొంత తట్టుకుంటుంది. మన వైపు ఎర్ర దుబ్బ నేలలకి ఆ బలం తక్కువ. శేషాచలం కొండల మీద ఇంకా తక్కువ, అక్కడ కింద ఉన్నది క్వార్ట్‌జైట్ రాయి, అది అరిగితే ఇసకే మిగులుతుంది గానీ సున్నం రాదు, మట్టి పొర కూడా పల్చన. తిరుమల ఘాట్ రోడ్డు మొదటిది 1944లో, రెండోది 1974లో వచ్చాయి, అప్పటి నుంచి రోజూ వేల బండ్లు ఎత్తు ఎక్కుతూ ఇంజిన్ మీద పూర్తి భారం పెడతాయి, భారం పెరిగితే వేడి, వేడి పెరిగితే నత్రజని ఆక్సైడ్లు. రోడ్డు పక్క గాలిలో వీటి మోతాదు ఎక్కువగా ఉండి దూరం పోయేకొద్దీ, వంద రెండొందల మీటర్లలోనే, చాలా తగ్గుతుంది. అంటే రోడ్డుని ఆనుకుని ఉన్న అడవి అంచుకే ఎక్కువ వడ్డన. 2022 నుంచి ఆర్టీసీ తిరుమలకి ఎలక్ట్రిక్ బస్సులు నడుపుతోంది, భక్తుల ఊపిరికి మంచిదని అందరూ మెచ్చుకున్నారు, నేను మాత్రం ఆ రోడ్డు పక్క మట్టికి కూడా మంచిదని చెప్తా.

అడవి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. చల్లటి దేశాల అడవులకి సహజంగా నత్రజని కొరత, పైనుంచి పడితే మొదట్లో చెట్లే తాగేస్తాయి, ఇంకా ఏపుగా పెరుగుతాయి కూడా. ఏళ్ళ తరబడి పడితే ఒకరోజు కడుపు నిండిపోతుంది, ఇక మీదట పడ్డది పడ్డట్టే కిందికి నైట్రేట్‌గా కారుతుంది, పైకి వాయువుగా లేస్తుంది. జర్మనీలో బవేరియా దగ్గర హోగల్‌వాల్డ్ అనే స్ప్రూస్ అడవిలో ఏళ్ళ తరబడి కొలిచారు, చుట్టూ ఉన్న పొలాల అమ్మోనియాతో నిండిపోయిన ఆ నేల నైట్రిక్ ఆక్సైడ్‌ని భారీగా వదులుతోందని తేలింది. వేడి దేశాల పాత నేలల లెక్క వేరే. అక్కడ చాలా చోట్ల కొరత నత్రజనికి కాదు, భాస్వరానికి. హవాయిలో షారన్ హాల్, పమేలా మాట్సన్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో భాస్వరం కొరత ఉన్న పాత అడవి నేలకి నత్రజని వేస్తే, నత్రజని కొరత ఉన్న కొత్త నేలతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ నత్రజని వాయువులు వెంటనే లేచిపోయాయి. ఆకలి లేని వాడి ముందు పళ్ళెం పెట్టినట్టు. మన దక్షిణాది కొండల నేలలు కూడా ఎంతో పాతవి, కాబట్టి ఐరోపా అడవులు కొన్ని దశాబ్దాలు తట్టుకున్నాయి కదా మనకీ టైం ఉందిలే అనుకోవడానికి లేదు.

ఇప్పటిదాకా లేచే వాయువుల పేర్లే చెప్పా, లేస్తే నష్టమేంటో చెప్పలేదు.

నైట్రస్ ఆక్సైడ్ అంటే డెంటిస్టులు మత్తుకి వాడే లాఫింగ్ గ్యాసే. గాలిలో అది వందేళ్ళకి పైగా ఉంటుంది, బరువుకి బరువు చూస్తే వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో 270 పీపీబీ, అంటే వంద కోట్లలో 270 పాళ్ళు, ఇప్పుడు 336 దాటింది. 1980 నుంచి 2020 మధ్య మనుషుల వల్ల వచ్చే నైట్రస్ ఆక్సైడ్ 40 శాతం పెరిగింది, దానిలో సింహభాగం సేద్యం నుంచే. పైకి పోయాక స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ పొరని తింటుంది కూడా, ఫ్రిజ్ గ్యాసుల్ని నిషేధించాక ఈ రోజు మనుషులు వదిలే ఓజోన్ శత్రువుల్లో ఇదే పెద్దదని 2009లో ఎ.ఆర్. రవిశంకర బృందం లెక్క తేల్చింది.

లెక్క చేతిలో పట్టుకుని చూద్దాం. యూరియా మూట 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. చేలో వేసిన నత్రజనిలో సుమారు 1 శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం, పెట్టుకున్న లెక్క, ఎండు ప్రాంతాల్లో అందులో సగం. ఒక శాతమే తీసుకుంటే మూటకి దాదాపు 325 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్, 273తో హెచ్చిస్తే 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే సుమారు 33 లీటర్ల డీజిల్ కాల్చినంత. ఇది చేలో నేరుగా పోయేది మాత్రమే. అదే మూటలోంచి అమ్మోనియాగా సుమారు 15 శాతం లేచిపోతుందని ఐపీసీసీ లెక్క, అది ఎక్కడో పక్క ఊరి కొండ మీద దిగి అక్కడ మళ్ళీ ఒక శాతం చొప్పున నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది, దాన్ని పరోక్ష ఉద్గారం అని వేరే ఖాతాలో రాస్తారు. ఎవరి చేనులోంచి పోయిందో, ఎవరి నేలలోంచి లేచిందో సంబంధం తెగిపోతుంది కాబట్టి ఈ ఖాతా ఎప్పుడూ ఎవరి కంటా పడదు, నాకు బాధగా ఉండేది అక్కడే.

నైట్రిక్ ఆక్సైడ్ అలా కాదు, బతికేది గంటలే, కానీ పక్కనే పని చేస్తుంది. ఎండలో మిగతా వాయువులతో కలిసి నేలకి దగ్గర్లో ఓజోన్‌ని పుట్టిస్తుంది. పైన ఉన్న ఓజోన్ మనకి గొడుగు, కింద ఉన్న ఓజోన్ విషం, ఆకు రంధ్రాల్లోంచి దూరి పైరుని లోపల నుంచి కాలుస్తుంది, దిగుబడి తగ్గుతుంది. ఓజోన్ దెబ్బ తిన్న మొక్క వేళ్ళకి పంపే చక్కెర తగ్గిస్తుంది, మట్టిలోంచి నత్రజని తాగడం కూడా తగ్గిస్తుంది. చక్కెర తగ్గితే సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది, తాగని నత్రజని మిగిలితే పని పెరుగుతుంది, రెండూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి కాబట్టి ఓజోన్ వల్ల నైట్రస్ ఆక్సైడ్ అన్నిచోట్లా పెరుగుతుందని ఒక్క మాటలో తేల్చేయడం తప్పు.

ఇంకొక వాయువు పేరు జనానికి అసలు తెలియదు, నైట్రస్ ఆమ్లం. మట్టిలో నైట్రైట్ పోగైతే, ముఖ్యంగా నేల పుల్లగా ఉంటే, ఇది ఆవిరిగా లేస్తుందని 2011లో బయటపెట్టారు. పొద్దున ఎండ తగలగానే ఇది రెండు ముక్కలవుతుంది, ఒకటి నైట్రిక్ ఆక్సైడ్, ఇంకోటి హైడ్రాక్సిల్, ఈ హైడ్రాక్సిల్ గాలిలో రసాయన చర్యలన్నిటికీ నిప్పు రాజేసే పుల్ల. అంటే పొగ నేలలో పడి, నేల దాన్ని తిరిగి గాలికిచ్చి, ఆ గాలి మళ్ళీ కొత్త కాలుష్యం తయారు చేస్తుంది. చక్రం పూర్తయ్యేది ఇక్కడ.

మామ ప్రశ్నలో రెండో సగానికి జవాబు ఆ తొలకరి వానలో ఉంది. నెలల తరబడి ఎండలో రోడ్డు పొగ నుంచి, కొట్టాల నుంచి పడ్డది పొడిగా మట్టి మీద పోగుపడుతుంది, మట్టిలో సూక్ష్మజీవులు నీళ్ళు లేక కదలకుండా పడుంటాయి, కొన్ని చచ్చిపోతాయి కూడా. తాగే మొక్క లేదు. ఒక్క వాన పడేసరికి బతికున్నవి గంటల్లో లేస్తాయి, చచ్చినవాటి శరీరం వాటికి తిండి, నత్రజని సిద్ధంగా ఉంది, ఒక్కసారిగా వాయువులు ఎగదన్నుతాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లో లేచేది తర్వాత రోజుల కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. రాయలసీమ లాంటి ఎండు ప్రాంతంలో ఏడాది మొత్తం ఖాతాలో ఈ కొద్ది రోజుల వాటా పెద్దది. మనకి జూన్‌లో ఒకసారి, మళ్ళీ అక్టోబరు నవంబరు వానలకి ముందు ఎండితే ఇంకోసారి.

దీన్ని కొలవడం చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. నేలలో ఒక లోహపు చట్రం దిగ్గొట్టి, కొలిచేటప్పుడు దాని మీద డబ్బా బోర్లించి, పది ఇరవై నిమిషాలకోసారి సిరంజితో లోపలి గాలి లాగి సీసాలో పెట్టుకుని ల్యాబులో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పెడతారు. ఒక అడుగు జరిపి పెడితే ఇంకో అంకె వస్తుంది, ఆవు నిలబడిన చోట ఒకటి, చెట్టు కింద ఒకటి, అందుకే ఒక డబ్బా ఒక రోజు కొలిచి ఊరంతటికీ చెప్పడం కుదరదు, తొలకరి రోజున అక్కడ లేకపోతే ఏడాది లెక్కే తప్పుతుంది. మన దగ్గర వాతావరణాన్ని చూసే గాదంకి ల్యాబ్ తిరుపతి చిత్తూరు మధ్యలోనే ఉంది, వ్యవసాయ కాలేజీ, పరిశోధన కేంద్రం తిరుపతిలో ఉన్నాయి. పైకి చూసేవాళ్ళు, మట్టి చూసేవాళ్ళు ఒకే రోడ్డు మీద ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లాలు దేశంలో ఎక్కువ ఉండవు, ఈ రెండు చదువులూ ఒకే చేలో కలిసి పని చేస్తే చూడాలని నా ఆశ.

చేతిలో ఉన్న పనుల దగ్గరికొస్తే, బండ్ల వైపు నుంచి చాలా జరిగింది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే బండ్ల పొగ నిబంధనలు వచ్చాక కొత్త లారీల్లో నత్రజని ఆక్సైడ్లు బాగా తగ్గాయి. దానికి వాడేది కూడా యూరియానే, 32.5 శాతం యూరియా కలిపిన నీళ్ళు సైలెన్సర్‌లో చిమ్మితే అమ్మోనియా పుట్టి నత్రజని ఆక్సైడ్‌ని మామూలు నత్రజనిగా మారుస్తుంది, మట్టిలో బాక్టీరియా చేసే పనే ఇనప గొట్టంలో చేయిస్తున్నారు. మోతాదు తప్పితే మాత్రం మిగిలిన అమ్మోనియా బయటికి వస్తుంది, పెట్రోలు కార్లలో పొగని శుభ్రం చేసే కన్వర్టర్ల నుంచి కూడా కొంచెం వస్తుంది.

అమ్మోనియా వైపే మనం వెనకబడ్డాం. గాలి శుభ్రం అంటే బండ్లు, ఫ్యాక్టరీలు, చెత్త కాల్చడం అంటారు, కొట్టం గురించి, యూరియా చల్లే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడరు. 2015 నుంచి యూరియా అంతా వేప నూనె పూతతోనే వస్తోంది, అది నైట్రిఫికేషన్‌ని నెమ్మది చేస్తుంది, నైట్రస్ ఆక్సైడ్‌కి మంచిదే, కానీ పైపైన చల్లి వదిలేస్తే అమ్మోనియం ఎక్కువసేపు అక్కడే ఉండి అమ్మోనియాగా లేచే వీలు కూడా పెరుగుతుంది. పూత ఉంది కదా అని మట్టిలో కలపడం మానకూడదు.

ఐరోపాలో 1990ల్లో కొన్ని అడవుల్లో చెట్ల కొమ్మల కింద పారదర్శకమైన కప్పు వేసి, మురికి వానని ఆపి శుభ్రమైన నీళ్ళు చల్లి చూశారు. నేలలోంచి కారే నైట్రేట్ మొదటి కొద్ది ఏళ్ళలోనే బాగా పడిపోయింది. పుల్లబడిన మట్టి తేరుకోవడానికి మాత్రం అంతకన్నా చాలా కాలం పడుతుంది, అందుకే ముందే ఆపడం మేలు.

ఇదంతా మామకి పోయిన ఆదివారం మళ్ళీ చెప్పా, ఈసారి కాగితం మీద పైపు బొమ్మ గీసి. చేను ఇంటివైపు చివర, యూరియా మూట చిరిగి ఒలికిన చోట, ఒక చెనిక్కాయ చెట్టు పీకాడు, అవతలి చివర ఇంకోటి పీకాడు. ఒలికిన చోటి చెట్టుకి బుడిపెలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి, అవతలి దానికి గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఉచితంగా నత్రజని దొరుకుతుంటే మొక్క బుడిపెలకి చక్కెర పెట్టదు మామా అన్నా. రెండు చెట్లనీ కాసేపు పక్కపక్కన పెట్టుకుని చూసి, "చెనిక్కాయకి ఈ పొద్దు నుంచి యూరియా వద్దులే, చెరుక్కి వేసేది మాత్రం సాళ్ళలో వేసి మట్టి కప్పేదాం, కొట్టంలో మూత్రం పోయేదానికి కాలవ తీపిస్తా, దిబ్బకి పట్ట కప్పిస్తా" అన్నాడు. కాలవ తవ్వేదానికి మనిషి బుధవారం వస్తానన్నాడట.